బెజవాడలో ఫొటోలు ఎందుకు చెడుతున్నాయి, ఎలా సరిచేసుకోవాలి

రాత్రి ప్రకాశం బ్యారేజీ లైట్లు కంటికి ఎంత బాగుంటాయో, ఫోన్లో తీసి చూస్తే అంత నీరసంగా కనిపిస్తాయి. చాలామంది వెంటనే ఫోన్ మార్చేద్దామనుకుంటారు. అక్కర్లేదు. మన ఊళ్లో ఫొటో చెడిందంటే ముందు చూడాల్సింది ఏ వేళకి తీశారు, ఎటువైపు నిలబడి తీశారు అన్నదే. సెట్టింగుల సంగతి ఆ తర్వాత. కింద చెప్పేవన్నీ ఫోన్‌కీ కెమెరాకీ పనికొస్తాయి, తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

ఆకాశం తారులా నల్లగా, లైట్లు తెల్లటి మరకల్లా వస్తున్నాయి

పూర్తిగా చీకటి పడ్డాక వెళ్లడం వల్ల వచ్చే సమస్య ఇది. ఆకాశంలో ఏమీ మిగలదు, లైట్లు మాత్రం మండిపోతుంటాయి, ఆ రెంటినీ ఒకే ఫొటోలో పట్టడం ఏ కెమెరాకైనా కష్టమే. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, తీయాల్సింది అప్పుడే. బెజవాడలో సూర్యాస్తమయం డిసెంబర్ మొదట్లో సుమారు 5:35కి, జూన్‌లో 6:40 ప్రాంతంలో. అంతకు ముందే వెళ్లి చోటు చూసుకుని సిద్ధంగా ఉండాలి. ఫోనైతే స్క్రీన్ మీద లైట్ ఉన్నచోట వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి, మరకలు తగ్గి రంగు బయటికొస్తుంది. కెమెరా అయితే ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8 పెట్టి, షట్టర్ తెరిచి ఉంచే సమయం రెండు మూడు సెకన్లతో మొదలుపెట్టి చూసుకోండి. రంగులు మారే లైట్లున్న రోజు మాత్రం పది, పదిహేను సెకన్లకి పోవద్దు, ఆ వ్యవధిలో లైట్లు మూడు నాలుగు రంగులు మారితే అన్నీ కలిసి ఏ రంగూ కానట్టు పాలిపోతాయి.

నీళ్లలో లైట్ల నీడ రావడం లేదు

ఇది పూర్తిగా చోటు సమస్య. ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి కృష్ణకి అడ్డంగా నిలబడి నీళ్లు నిలుపుతోంది, కాబట్టి నిండుగా నీళ్లుండేది ఎగువన. గేట్లు మూసి ఉన్న రోజుల్లో దిగువన ఇసుక మేటలు, మధ్యమధ్యలో మడుగులు తప్ప ఏమీ ఉండదు. కృష్ణలంక వైపు నుంచి తీసి నీడ రాలేదంటే ఎలా వస్తుంది? దుర్గా ఘాట్ వైపు గానీ, అవతలి ఒడ్డున బ్యారేజీకి ఎగువ వైపు గానీ వెళ్లండి. అక్కడా రాలేదంటే గాలి ఉందన్నమాట. అలలు లేచినప్పుడు నీడ ముక్కలైపోతుంది. తెల్లవారుజామున గాలి తక్కువ, అప్పటికి లైట్లు వెలుగుతుంటే మీ అదృష్టం. సాయంత్రమే కావాలంటే షట్టర్ తెరిచి ఉంచే సమయం పది సెకన్ల పైకి పెంచితే అలలు కలిసిపోయి నీళ్లు నున్నగా వస్తాయి, అయితే రంగులు మారని రోజే ఈ పద్ధతి పనికొస్తుంది.

వరద రోజుల్లో లెక్క వేరు. గేట్లెత్తితే అందమంతా దిగువకి పోతుంది. కానీ 2024 సెప్టెంబర్ మొదట్లో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన నది ఇది. అలాంటప్పుడు ఘాట్ మెట్లు దిగొద్దు, పోలీసులు ఆపినచోటే ఆగండి. ఫొటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ట్రైపాడ్ పెట్టినా ఫొటో షేక్ అవుతోంది

ట్రైపాడ్ ఎక్కడ పెట్టారు? బ్యారేజీ మీదే అయితే కారణం తెలిసిపోయినట్టే. పక్క నుంచి ఆటో వెళ్లినా, కారు వెళ్లినా ఆ అదురు కాళ్లకి తెలుస్తుంది, ట్రైపాడ్‌కి ఇంకా బాగా తెలుస్తుంది. పిట్టగోడ మీద చెయ్యి పెట్టి చూడండి, మీకే అర్థమవుతుంది. ఘాట్‌కి దిగి తీస్తే పోతుంది. బ్యారేజీ మీదే తీయాలంటే ఐఎస్‌ఓ పెంచి, షట్టర్ సమయం అర సెకనుకి తగ్గించి, బండ్లు లేని సందు చూసి వరసగా నాలుగైదు తీయండి, ఒకటి బాగా వస్తుంది. ఘాట్‌లో కూడా షేక్ అవుతుంటే వేలితో బటన్ నొక్కుతున్నారేమో చూడండి, రెండు సెకన్ల టైమర్ పెడితే చాలు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్ స్టెబిలైజేషన్ (చేతి అదురుని సర్దే ఏర్పాటు) ఆపేయండి, కొన్ని లెన్సుల్లో అది లేని కదలికని వెతుక్కుంటూ తనే కదిలిపోతుంది.

వీడియోలో లైట్లు మినుకుమంటున్నాయి, అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి

మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు లైట్లు సెకనుకి వందసార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి, కంటికి తెలియదు గానీ 30 ఫ్రేముల వీడియోకి తెలిసిపోతుంది. 25 లేదా 50 ఫ్రేములకి మార్చండి. ఐఫోన్‌లో అవి కనపడకపోతే కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్ ఆన్ చేయాలి. షట్టర్ మీ చేతిలో ఉంటే 1/50 లేదా 1/100. ఎల్‌ఈడీ అలంకరణ లైట్లలో కొన్ని దీనికీ లొంగవు, వాటికి షట్టర్ ఇంకా నెమ్మది చేయడమే దారి.

సాయంత్రం తీస్తే ఇంద్రకీలాద్రి నల్లగా వస్తోంది

బ్యారేజీ మీద నిలబడితే ఎగువ అంటే పడమర. సాయంత్రం ఎండ ఎదురుగా వస్తుంది, కొండ చీకట్లో పడుతుంది. కొండ మీద వెలుగు కావాలంటే పొద్దున్నే రండి. సాయంత్రం వచ్చారంటే కొండని నీడలాగే ఉంచి, నది మీద దిగే సూర్యుడిని తీయండి, అదీ గొప్ప ఫొటోనే. గుడి లోపల మాత్రం ఫొటోలు తీయనివ్వరు, ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

అంబేడ్కర్ విగ్రహం వెనక్కి పడిపోతున్నట్టు వస్తోంది

125 అడుగుల విగ్రహం, కింద 81 అడుగుల పీఠం. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే కాళ్లు పెద్దవి, తల చిన్నది అవుతాయి, 0.5 లెన్స్ వాడితే మరీనూ. వీలైనంత వెనక్కి వెళ్లి 2 లేదా 3 జూమ్‌లో తీయండి. విగ్రహం ముదురు రంగు, వెనక తెల్లటి ఆకాశం, కాబట్టి పగలైతే ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) కాస్త పెంచాలి.

ఎరుపంతా ఒకే ముద్దగా వస్తోంది

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కృష్ణా గుంటూరు సీమలో ఎరుపు లేకుండా ఫొటోలే లేవు. దీక్ష విరమణకి వచ్చే భవానీల బట్టలు, గుంటూరు యార్డులో మిర్చి, కల్లాల్లో ఆరబోసిన కాయ, అన్నీ ఎరుపే. కెమెరా మొత్తం వెలుగుని కొలిచి సరిపోయిందనుకుంటుంది, కానీ ఆ లోపలే ఎరుపు ఒక్కటీ హద్దు దాటేసి ఉంటుంది. దాంతో కాయ మీది ముడత, తొడిమ దగ్గరి లేత పసుపు, పక్కన ఉన్న తాలు కాయ, ఏదీ కనిపించదు. రంగుల్ని ముదురు చేసే వివిడ్ మోడ్ తీసేయండి, సగం సమస్య అక్కడే పోతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు దాకా తగ్గించండి. కెమెరాలో హిస్టోగ్రామ్‌ని (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) రంగుల వారీగా పెట్టుకుని ఎరుపు కుడి గోడకి ఆనుకుందేమో చూడండి, రా (RAW) ఫైల్, అంటే కెమెరా కుదించకుండా దాచే ఫైల్, తీసుకుంటే తర్వాత సర్దుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం కాయ తోలు అద్దంలా మెరుస్తుంది, ఉదయం ఏటవాలు ఎండలో తీస్తే ప్రతి ముడతా తెలుస్తుంది. యార్డులో రైతునో హమాలీనో తీసేముందు ఒక మాట అడగండి, వాళ్లు అక్కడ పనిలో ఉన్నారు.

ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభుడు చదునుగా, ప్రాణం లేనట్టు వస్తున్నాడు

ఫ్లాష్ ఆపండి. ఎదురు వెలుగు పడితే రాతిలో చెక్కిన లోతంతా చచ్చిపోతుంది, బయటి నుంచి లోపలికొచ్చే పక్క వెలుగే ఆ శిల్పానికి అందం. పురావస్తు శాఖ కట్టడం కాబట్టి అనుమతి లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200లో వరసగా తీయండి. మొత్తం విగ్రహం పట్టడం లేదంటే పాదాల వైపు నుంచి కోణంగా తీయండి.

కొండపల్లి కోట నుంచి దూరమంతా తెల్లగా మసగ్గా ఉంది

వేసవి మధ్యాహ్నం దుమ్ము, పొగ, ఎండ కలిసి చేసే పని ఇది, ఏ ఫిల్టరూ పూర్తిగా తీయలేదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున వెళ్లండి. అప్పటికీ మసకగా ఉంటే దూరం వదిలేసి కోట గోడల్ని, తోరణాల్ని తీయండి.

బీసెంట్ రోడ్డులో రాత్రి మొహాలు పచ్చగా, పాలిపోయినట్టు

ఒక షాపులో తెల్ల ఎల్‌ఈడీ, పక్క బండి మీద పసుపు బల్బు, వెనక ఆకుపచ్చ బోర్డు. తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్‌కి తోచదు. మనిషిని ఒకే లైటు పడే చోటికి జరపండి, లేదా ఒక వైట్ బ్యాలెన్స్‌కి లాక్ చేయండి. ఏసీ కారులోంచి దిగగానే తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి అన్నీ మబ్బుగా వస్తాయి, తుడవడం కన్నా పది నిమిషాలు ఆగడం మేలు.

ఫోన్లో బాగుంది, వాట్సాప్‌లో పంపాక పాడైంది

ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, తీసింది తీసినట్టే వెళ్తుంది.