మంచుకొండలకు బయలుదేరే విశాఖవాసులు మంచుచరియల గురించి తెలుసుకోవలసినవి

ఆర్కే బీచ్‌లో పొడి ఇసుకను గుప్పెటతో ఒకేచోట నెమ్మదిగా జారవిడిస్తే చిన్న కుప్ప లేస్తుంది. దాని వాలు దాదాపు 34 డిగ్రీలకు చేరాక, పైన ఎంత పోసినా నిలవకుండా పక్కలకు జారిపోతుంది. హిమాలయాల్లో మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది కూడా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. మంచు ఎరుగని మన ఊరి నుంచి చలికాలంలో కేదార్‌కంఠకో, మనాలీకో వెళ్లేవారు ముందుగా ఈ వాలును కంటితో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టుకుని, కైలాసగిరి వాలుల మీద కొన్నాళ్లు సాధన చేస్తే ఆ అంచనా కుదురుతుంది.

అయితే ఇసుక రేణువులుగా జారుతుంది. ప్రాణాలు తీసే మంచు చాలావరకు పలకగా తెగుతుంది. అడుగున బలహీనమైన పొర, దానిమీద గాలికి గట్టిపడిన పొర ఉన్నచోట ఒక్క మనిషి బరువుకే కింది పొర కూలి, పై పలక మొత్తం కదిలిపోతుంది. మంచులో చిక్కుకున్నవారిలో అత్యధికుల విషయంలో దాన్ని కదిలించినది వారో, వారి తోటివారో కావడం గమనించవలసిన సంగతి. అంటే, ఎక్కడ అడుగు పెట్టకూడదో తెలిస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది.

భారీగా మంచు కురిసిన తరువాత కనీసం ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి పోకూడదు. ఈదురుగాలి మంచును ఎత్తుకెళ్లి కొండకు అవతలి వైపున పోస్తుంది కనుక, ఆకాశం నిర్మలంగా ఉన్నా ఆ వైపు ప్రమాదకరమే. కాలి కింద 'ధుమ్' మని బోలు శబ్దం వచ్చినా, అడుగు వేసినచోటి నుంచి పగుళ్లు పాకినా వెంటనే వెనుదిరగాలి. చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ మంచుచరియల హెచ్చరికలు జారీ చేస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూడటం, స్థానికుల మాట వినడం తప్పనిసరి. ఇది పర్వతారోహకులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా వెళ్లే దారిలో మంచుచరియ విరిగిపడి 7గురు పర్యాటకులు మరణించారు.

అనుమానం ఉన్న వాలును దాటక తప్పకపోతే, సంచి నడుము పట్టీ వదులు చేసుకుని ఒక్కొక్కరుగా దాటాలి. మిగిలినవారు సురక్షితమైన చోట నిలబడి, దాటుతున్న మనిషి మీద నుంచి చూపు తిప్పకూడదు.

పూర్తిగా కూరుకుపోయిన మనిషిని సుమారు 15 నిమిషాల్లోపు బయటకు తీస్తే బతికే అవకాశం ఎక్కువగా ఉంటుంది. ఆ తరువాత అది వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ అంత త్వరగా రాలేదు. కాబట్టి కాపాడవలసింది తోటివారే. అందుకు ప్రతి ఒక్కరి దగ్గరా 457 కిలోహెర్ట్జ్ మీద రేడియో సంకేతాలు పంపే, వెతికేటప్పుడు వాటిని అందుకునే బీకన్ అనే చిన్న పరికరం, ప్రోబ్ అనే పొడవాటి మడత కడ్డీ, లోహపు పార ఉండాలి. ట్రెక్ నిర్వాహకులు వీటిని ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే అడగండి.

సాధనకు మన ఇసుక చక్కగా పనికొస్తుంది. బీకన్‌ను పాత సంచిలో చుట్టి, రుషికొండ వైపు ఇసుక మెరకలో మీటరు లోతున పాతి, చూడనివారిని వెతకమనండి. ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ స్థలం కనుక అక్కడ మాత్రం తవ్వకండి. మా బృందం మొదటిసారి సంచిని బయటకు తీసేసరికి 20 నిమిషాలు దాటాయి. సిగ్నల్ తొందరగానే దొరికింది. కానీ అందరం ప్రోబ్ తగిలినచోటే నిలువుగా గొయ్యి తవ్వడంతో, అంచుల ఇసుక తిరిగి లోపలికి జారుతూనే ఉంది. ప్రోబ్‌ను కదపకుండా అక్కడే ఉంచి, లోతుకు ఒకటిన్నర రెట్ల దూరం దిగువకు వెళ్లి, అక్కడి నుంచి అడ్డంగా తవ్వుకుంటూ రావాలని అప్పుడు అర్థమైంది. వెతికేటప్పుడు ఫోన్‌ను బీకన్‌కు కనీసం అర మీటరు దూరంలో ఉంచాలి.

మనమే చిక్కుకుంటే చేతికర్రలు వదిలేసి పక్కకు తప్పుకోవడానికి పెనుగులాడాలి. మంచు ఆగబోతున్నప్పుడు రెండు చేతులూ ముఖానికి అడ్డుపెట్టి గాలికి చోటు చేసుకోవాలి, ఎందుకంటే ఆగిన మరుక్షణం అది కాంక్రీటులా బిగుసుకుపోతుంది. మనిషిని తవ్వి తీసేవారు ముందుగా ముఖం, ఆపైన ఛాతీ బయటపెట్టి, నోట్లో మంచు ఉంటే తీసి, ఊపిరి ఆడకపోతే శరీరం మొత్తం వెలికివచ్చేదాకా వేచి చూడకుండా వెంటనే కృత్రిమ శ్వాస మొదలుపెట్టాలి.