కెమెరా డ్రోన్‌ను ఎగరేసి, వీడియో తీసి, క్షేమంగా దించడం ఎలా?

రెడీ టు ఫ్లై డ్రోన్ కొన్నవాళ్లు చాలామంది పెట్టె విప్పగానే గాల్లోకి లేపేస్తారు. విడిభాగాలన్నీ కూర్చే పని లేదన్నది నిజమే. కానీ నేల మీద ఉండగానే సరిచూసుకోవాల్సిన సెట్టింగ్ ఒకటుంది. అది వదిలేసినందుకే మంచి డ్రోన్లు చెట్ల పాలు, నీళ్ల పాలు అవుతుంటాయి.

ముందు సులువైన పనులు. డ్రోన్, రిమోట్, ఫోన్ ఫుల్ చార్జ్ చేయండి. గింబల్ (కెమెరాను కుదుపు లేకుండా పట్టి ఉంచే భాగం) కవర్ తీశాకే ఆన్ చేయండి. గుర్తు వేసి ఉన్న ప్రొపెల్లర్లను (రెక్కలను) అదే గుర్తు వేసి ఉన్న మోటార్లకే బిగించండి. ప్రొపెల్లర్ అంచుకు చిన్న బీట పడినా మార్చేయండి, అతికించి వాడొద్దు. కార్లకు, ఇనుప కంచెలకు దూరంగా, చదునైన చోట పెట్టండి. లేకపోతే కంపాస్ తప్పు చూపిస్తుంది.

ఇక అసలు పని, రిటర్న్ టు హోమ్. సిగ్నల్ తెగినా, బ్యాటరీ తగ్గినా డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చే ఏర్పాటు ఇది. జీపీఎస్ అందుకుని, హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) నమోదైందని యాప్ చెప్పేదాకా డ్రోన్‌ను లేపొద్దు. తొందరపడి లేపితే, జీపీఎస్ దొరికే సమయానికి అది చెరువు మీద ఉంటే ఆ నీళ్లే దాని ఇల్లవుతాయి. పడవ మీంచి ఎగరేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పడవ ముందుకు పోయినా, మీరు మార్చకపోతే హోమ్ పాయింట్ పాత చోటే ఉంటుంది.

తర్వాత, అది వెనక్కి వచ్చే ఎత్తు. సాధారణంగా డ్రోన్ ముందు మీరు పెట్టిన ఎత్తుకు లేచి, తర్వాత తిన్నగా వస్తుంది. ఆ ఎత్తును టేకాఫ్ చేసిన చోటు నుంచి కొలుస్తుంది, కింద ఉన్న నేల నుంచి కాదు. 80 మీటర్ల గుట్ట కింద నిలబడి ఎత్తు 50 అని పెట్టారనుకోండి. డ్రోన్ గుట్ట వెనక్కి దిగాక సిగ్నల్ పోతే, 50కి లేచి నేరుగా గుట్ట మీదికే వస్తుంది. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తైనదానికి 20 మీటర్లు కలిపి పెట్టండి. అలాగని అనవసరంగా పెంచొద్దు. పైన గాలి ఎక్కువ, లేవడానికే బ్యాటరీ ఖర్చయిపోతుంది. కొమ్మల కింద, కప్పు కింద ఎగరేస్తుంటే సిగ్నల్ పోయినప్పుడు గాల్లోనే ఆగేలా మార్చుకోండి, లేకపోతే పైకి లేచి కొట్టుకుంటుంది.

సెన్సార్లు ఉన్నాయి కదా అని ధీమా వద్దు. సన్నటి కరెంటు తీగలు, ఆకుల్లేని రెమ్మలు వాటికి సరిగా కనిపించవు. చీకట్లో కెమెరా సెన్సార్లు పనిచేయవు. వేగంగా ఎగిరే స్పోర్ట్ మోడ్‌లో చాలా డ్రోన్లు అసలు అడ్డంకులను చూసుకోవు.

ప్రతి కొత్త చోటా 30 మీటర్ల దూరం పంపి, రిటర్న్ బటన్ నొక్కి చూడండి. మధ్యలో దాన్ని రద్దు చేసి, రిమోట్ స్టిక్స్‌తో మీరే నడపడం కూడా ప్రాక్టీస్ చేయండి. టెన్షన్‌లో ఏ బటన్ నొక్కాలో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

వీడియోకి, డ్రోన్ నెమ్మదిగా కదిలే సినీ మోడ్ పెట్టి, ఒక షాట్‌లో ఒకే కదలిక ఉంచండి. ముందుకు పోతూ, తిరుగుతూ, కెమెరా వంచుతూ తీస్తే చూసేవాళ్లకు తల తిరుగుతుంది. ఫ్రేమ్ రేట్ సెకనుకు 25 అయితే షట్టర్ స్పీడ్ సెకనులో 1/50 పెట్టండి. ఎండలో అది కుదరాలంటే లెన్స్‌లోకి వెళ్లే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి. రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలొద్దు, షాట్ మధ్యలో రంగు మారిపోతుంది. డ్రోన్ తనంతట తాను ఎగిరి తీసే ఆటోమేటిక్ షాట్ల జోలికి పోకండి. వాటితో తీసిన వీడియోలన్నీ ఒకేలా ఉంటాయి. ఎక్కడ నెమ్మదించాలో మీ వేలికి తెలిసినట్టు సాఫ్ట్‌వేర్‌కి తెలియదు.

పోయేటప్పుడు గాలికి ఎదురు పంపండి, వచ్చేటప్పుడు గాలి తోడవుతుంది. బ్యాటరీ 30 శాతానికి రాగానే, షాట్ ఎంత బాగున్నా వెనక్కి తిప్పండి. దించాక బ్యాటరీ చల్లారేదాకా చార్జింగ్ పెట్టొద్దు.