డిగ్రీ పాఠానికి సాంకేతికతను ఎలా జోడించాలి? ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టే పద్ధతి

డిగ్రీ కళాశాలల్లో బోధనకు పనికొచ్చే యాప్‌లకు, వెబ్‌సైట్లకు ఇప్పుడు కొదవ లేదు. వాటిలో ఏది ఎప్పుడు వాడాలన్నది తేలకపోవడమే అసలు ఇబ్బంది. అరవై మంది విద్యార్థులున్న సాధారణ తరగతిని, అధ్యాపకుడి చేతిలోని ఒక ఫోనును, అప్పుడప్పుడు దొరికే ప్రొజెక్టరును మాత్రమే దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాము. సబ్జెక్టు మొత్తాన్ని ఒకేసారి ఆన్‌లైన్‌కు మార్చాలనుకుంటే సెమిస్టరు సగంలోనే ఓపిక అయిపోతుంది కాబట్టి ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టడం మేలు. బీకాం మొదటి సంవత్సరంలో చెప్పే ట్రయల్ బ్యాలెన్స్‌ను, అంటే ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ నిల్వలను రెండు వైపులా రాసి మొత్తాలు సరిపోయాయో లేదో చూసే పట్టికను, ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం.

1. విద్యార్థులు తడబడే చోటును గుర్తించండి

యాప్ ఎంచుకోవడానికి ముందే గత సంవత్సరపు ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాలను ఒకసారి తిరగేయండి. ట్రయల్ బ్యాలెన్స్ తయారుచేయడం చాలామందికి వస్తుంది, కానీ రెండు వైపులా మొత్తాలు టాలీ అయితే పుస్తకాల్లో తప్పులు లేనట్టేనన్న అపోహ మాత్రం బలంగా ఉంటుంది. నిజానికి ఒక లావాదేవీని పూర్తిగా రాయడం మరచిపోయినా, ఒక తప్పును అంతే మొత్తమున్న మరో తప్పు సరిపెట్టినా, ఆస్తి కొనుగోలును సరుకు కొనుగోళ్ల ఖాతాలో రాసినా మొత్తాలు చక్కగా టాలీ అవుతాయి. ఈ అపోహను తొలగించడమే లక్ష్యమని ముందే రాసి పెట్టుకుంటే తరువాతి నిర్ణయాలన్నీ సులువవుతాయి.

2. విద్యార్థుల దగ్గర ఏమున్నదో కాగితం మీద అడగండి

సొంత ఫోను ఉన్నదా, ఇంట్లో అందరూ కలిసి వాడేదా, డేటా రోజులో ఎప్పటికి అయిపోతుంది, ఇంటర్మీడియట్ ఏ మాధ్యమంలో చదివారు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. ఈ సమాచారాన్ని గూగుల్ ఫారంలో అడగకూడదు, ఎందుకంటే ఫోను లేని విద్యార్థి ఆ ఫారం నింపడు, ఫలితంగా అందరికీ ఫోన్లు ఉన్నాయన్న తప్పుడు లెక్క చేతికి వస్తుంది.

3. పాఠ్య సామగ్రికి ఒకే చోటును ఖాయం చేయండి

పాఠాలు, క్విజ్‌లు, అసైన్‌మెంట్లు ఒకే చోట పెట్టుకునే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ కళాశాలకు ఇప్పటికే ఉంటే దాన్నే వాడండి. 2002లో తొలిసారి విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా, దానికి సర్వరు, ఆ సర్వరును చూసుకునే మనిషి కావాలి. అవి లేని చోట గూగుల్ క్లాస్‌రూమ్ సరిపోతుంది. చాలా కళాశాలల్లో ఈ పనంతా వాట్సాప్ గ్రూపు మీదే నడుస్తుంది గానీ, శుభోదయాల కింద మూడో రోజుకే నోట్సు కనిపించకుండా పోతుంది. పైగా గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఇది ముఖ్యంగా విద్యార్థినులకు ఇబ్బంది. ప్రకటనలకు మాత్రమే వాట్సాప్ వాడదలచుకుంటే చానెల్ పెట్టండి, అందులో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు.

నోట్సును యూనికోడ్ తెలుగులోనే టైపు చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన వర్డ్ ఫైలు విద్యార్థి ఫోనులో అర్థం కాని గుర్తులుగా తెరుచుకుంటుంది, చూపు లేని విద్యార్థులు వాడే ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్లు (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు) కూడా దాన్ని తెలుగుగా చదవలేవు. పుస్తకం పేజీలను ఫోటోలు తీసి పీడీఎఫ్ చేసి పెట్టినా ఆ విద్యార్థులకు అంతే సంగతులు.

4. వీడియో చేస్తే చిన్నదిగా చేయండి

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు దాని ముందు గడిపే సమయం సాధారణంగా ఆరు నిమిషాలు మించడం లేదని తేలింది. గంట పాఠాన్ని గంటసేపు రికార్డు చేసి పెట్టడం వల్ల ఒరిగేది తక్కువ. ఫోనును స్టాండుకు బిగించి కిందకు, తెల్ల కాగితం వైపు తిప్పి, లెక్క వేస్తూ మాట్లాడితే చాలు. ముఖం కనిపించనవసరం లేదు గానీ మాట స్పష్టంగా వినిపించాలి కాబట్టి ఫ్యాను ఆపి, తలుపులు మూసి రికార్డు చేయండి. 480పీ నాణ్యతలో ఉంచితే డేటా కలిసొస్తుంది, అందుకు తగ్గట్టు అక్షరాలు పెద్దవిగా రాయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో ఇంగ్లీషు మాధ్యమమే అమల్లోకి రావడంతో, తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివి వచ్చినవారికి మొదటి సెమిస్టరు బరువుగా ఉంటుంది. పరీక్షలో రాయవలసిన పదాలను ఇంగ్లీషులోనే ఉంచి, వాటి వెనకనున్న తర్కాన్ని తెలుగులో వివరించే ఆరు నిమిషాల వీడియో వీరికి ఎంతో అక్కరకు వస్తుంది. ఎంతమంది ఉద్దండులు పాఠాలు చెప్పినా ఇంటర్నెట్‌లో దొరకనిది, మన తరగతికి సరిపడేది ఇదేనని నా అభిప్రాయం.

మిగతా విషయాలకు ఉన్నవాటినే వాడుకోవచ్చు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలోనూ, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ‘స్వయం’ అనే వేదికలోనూ చాలా సబ్జెక్టులకు పాఠాలు ఉన్నాయి. లింకు ఒక్కటే పంపకుండా, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు చూడాలో, చూశాక ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలో కూడా రాయండి. క్రెడిట్ల విషయానికొస్తే, ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను ‘స్వయం’ ద్వారా చదవడానికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనలు అవకాశం ఇచ్చాయి.

5. తరగతిలో ప్రశ్న అడిగి, అందరి చేతా జవాబు చెప్పించండి

సమయం తక్కువై ఒక్క అడుగే వేయగలిగితే ఇదే వేయండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి వాడుతున్న పద్ధతి ఇది. అధ్యాపకుడు ఒక ప్రశ్న వేస్తాడు, ప్రతి విద్యార్థీ ఒంటరిగా ఆలోచించి జవాబు ఎంచుకుంటాడు, తరువాత పక్కవారితో వాదించి మళ్లీ ఎంచుకుంటాడు. విద్యార్థుల చేతుల్లో ఫోన్లు లేకపోయినా ప్లికర్స్ అనే యాప్‌తో ఈ పని జరుగుతుంది. ప్రతి విద్యార్థికీ ఒక ప్రత్యేకమైన గుర్తు ముద్రించిన కాగితపు కార్డు ఇస్తారు, తాను ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేట్టు అతడు దాన్ని పట్టుకుంటాడు, అధ్యాపకుడు తన ఫోను కెమెరాను గదంతా తిప్పగానే ఎవరు ఏ జవాబు చెప్పారో నమోదవుతుంది. ఒక్కో కార్డు మీది గుర్తు ఒక్కోలా ఉండటంతో పక్కవాడిని చూసి రాసే వీలు ఉండదు. నిజానికి, ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ వారి ఆలోచన కూడా అధ్యాపకుడికి తెలియడమే దీని అసలు ప్రయోజనం.

ప్రశ్న రాయడంలోనే కష్టమంతా ఉంది. మన ఉదాహరణకు ఇలా అడగవచ్చు: ఒక వ్యాపారి 50,000 రూపాయలు పెట్టి యంత్రం కొని, ఆ మొత్తాన్ని యంత్రాల ఖాతాకు బదులు కొనుగోళ్ల ఖాతాకు డెబిట్ చేశాడు, ట్రయల్ బ్యాలెన్స్ ఏమవుతుంది?

ఎ) 50,000 తేడాతో టాలీ కాదు.
బి) లక్ష రూపాయల తేడాతో టాలీ కాదు.
సి) టాలీ అవుతుంది, కాబట్టి లెక్కల్లో తప్పు లేదు.
డి) టాలీ అవుతుంది, అయినా స్థూల లాభం 50,000 తక్కువగా కనిపిస్తుంది.

సరైన జవాబు డి. ఏ ఖాతాలో రాసినా ఆ మొత్తం డెబిట్ వైపే ఉంటుంది కాబట్టి మొత్తాలు టాలీ అవుతాయి, కానీ కొనుగోళ్లు 50,000 ఎక్కువగా కనిపించి లాభం ఆ మేరకు తగ్గుతుంది. ఏ తప్పు జరిగినా మొత్తాల్లో తేడా వస్తుందనుకునేవారు ఎ ఎంచుకుంటారు. డెబిట్ చేయవలసినదాన్ని క్రెడిట్ చేస్తే తేడా రెట్టింపవుతుందన్న సూత్రాన్ని ఇక్కడికి తెచ్చిపెట్టేవారు బి అంటారు. మొదట మనం గుర్తించిన అపోహ సి దగ్గర బయటపడుతుంది. తప్పుడు జవాబుల్లో ప్రతిదాని వెనకా నిజంగా విద్యార్థులు చేసే పొరపాటు ఉన్నప్పుడే ప్రశ్న పనిచేస్తుంది, ఊరికే నాలుగు అంకెలు ఇస్తే అది లాటరీ అవుతుంది.

దాదాపు అందరూ సరిగా చెబితే ఒక్క వాక్యంలో ముగించి ముందుకు వెళ్లండి. చాలా కొద్దిమందే చెబితే చర్చ వల్ల లాభం లేదు, పాఠాన్ని మరోలా మళ్లీ చెప్పాలి. జవాబులు చీలినప్పుడు మాత్రం సరైనది ఏదో బయటపెట్టకుండా మూడు నిమిషాలు పక్కవారితో వాదించుకోనివ్వండి, ఆ తరువాతే రెండో విడత జవాబులు తీసుకోండి.

6. వారం తరువాత మళ్లీ అడగండి

రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని పదేపదే చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, కానీ వారం తరువాత పెట్టినదానిలో, మధ్యలో పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే మెరుగ్గా రాశారు. అందుకే వారం తిరిగాక అవే అంశాల మీద ఐదు ప్రశ్నల గూగుల్ ఫారం క్విజ్ పెట్టండి. మార్కులు కలిపితే కాపీ మొదలవుతుంది కాబట్టి కలపకండి. ఫారం తనంతట తానే గీసే బార్ చార్టులను తరగతికి వెళ్లే ముందు చూసుకుంటే ఆ రోజు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఫోను లేనివారి కోసం అవే ప్రశ్నలను కాగితం మీద ఇవ్వండి, వీడియోలను కంప్యూటర్ ల్యాబ్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ అందుబాటులో ఉంచండి.

7. అసైన్‌మెంట్‌ను కృత్రిమ మేధకు తగ్గట్టు మార్చండి

ట్రయల్ బ్యాలెన్స్ ఉపయోగాలు రాయమంటే చాట్‌జీపీటీ క్షణంలో రాసిపెడుతుంది. దానికి బదులు, విద్యార్థికి తెలిసిన కిరాణా కొట్టులోనో టిఫిన్ సెంటరులోనో వారంపాటు జరిగిన లావాదేవీలను యజమాని పేరు లేకుండా సేకరించి పుస్తకాల్లో రాయమనండి, తరువాత రెండు నిమిషాలు నోటితో వివరించమనండి. ప్రశ్నల చిత్తు ప్రతులకు అధ్యాపకులు కూడా ఆ సాధనాలను వాడుకోవచ్చు గానీ, అవి ఇచ్చే అంకెలను స్వయంగా లెక్కవేసి చూడనిదే తరగతిలో పెట్టకూడదు. విద్యార్థుల పేర్లు, మార్కులు వాటికి ఇవ్వకూడదు.

8. ఏది పనిచేసిందో చూసి, మిగిలినది వదిలేయండి

యూనిట్ ముగిశాక ఇంటర్నల్ పరీక్షలో యంత్రం ప్రశ్నను పేర్లు, అంకెలు మార్చి మళ్లీ అడిగి, వచ్చిన జవాబులను మొదటి రోజు ప్లికర్స్ నమోదు చేసిన జవాబుల పక్కన పెట్టి చూడండి. ఎవరూ తెరవని వీడియోలను నిస్సంకోచంగా తీసేయండి. అలా మిగిలే సమయాన్ని తరువాతి సెమిస్టరులో బ్యాంకు రీకన్సిలియేషన్ స్టేట్‌మెంటు (మన పుస్తకాల్లోని బ్యాంకు నిల్వను బ్యాంకు చూపే నిల్వతో సరిచూసే పట్టిక) యూనిట్‌కు ప్రశ్నలు రాయడానికి కేటాయించండి.