‘మనకెందుకొచ్చిన గొడవ’ అనిపించినప్పుడు: రోడ్డు మీద పడ్డ మనిషికి సాయం చేయడం ఎలా

చిట్యాల దాటాక విజయవాడ హైవే మీద, రాత్రి ఎనిమిది దాటింది, ఒక బైకు అడ్డంగా పడి ఉంది, పక్కన మనిషి, చుట్టూ పదిహేను మంది దాకా జనం. కారు స్లో చేశాను, అద్దం కూడా దించాను. పక్క సీట్లోంచి "మనకెందుకొచ్చిన గొడవ, అంతమంది ఉన్నారుగా" అని వినపడింది. ఆ మాట ఎవరూ అనకపోయినా నేను చేసేది అదేలెండి, గేరు మార్చి వెళ్ళిపోయాను. నార్కట్‌పల్లిలో టీకి ఆగితే ఆ టీ గొంతు దిగలేదు.

ఇది చాలా ఏళ్ళ కిందటి సంగతి. తర్వాత రెండుసార్లు ఆగాను, రెండుసార్లూ కొన్ని తప్పులు చేశాను. అలా నేర్చుకున్నదీ, చట్టం చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. మొదటి గంటలో ఆస్పత్రిలో చేర్చగలిగితే ఇలా పోయేవాళ్ళలో సగం మందినైనా కాపాడుకోవచ్చని లా కమిషన్ 2006లో తన 201వ నివేదికలో చెప్పింది, అప్పుడు దానికి చైర్మన్ మన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారే. అయినా మనం ఆగం. స్టేషన్ మెట్లెక్కిస్తారేమోనని, ఆస్పత్రి బిల్లు మన నెత్తిన పడుతుందేమోనని, కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిప్పుతారేమోనని. నాలుగోది ఇంకోటుంది, కారు సీట్లకి రక్తం అంటుతుందని. ఇది ఎవరూ పైకి చెప్పరు.

మొదటి మూడు భయాలూ ఊరికే పుట్టినవి కావు, సాయం చేసినవాణ్ణే ముద్దాయిలా చూసిన రోజులు నిజంగానే ఉన్నాయి. సాటి మనిషి కోసం ఆగడం మన బాకీ అయితే, ఆగినవాణ్ణి వేధించకుండా ఇంటికి పంపడం సమాజం మనకున్న బాకీ. ఈ రెండోది 2016 నుంచి సుప్రీంకోర్టు ఆదేశంగానూ, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో చట్టంగానూ ఉంది, అడిగి వసూలు చేసుకోవడమే మనకింకా అలవాటు కాలేదు.

ముందు మీరు బతికి ఉండాలి

కారైనా బైకైనా రోడ్డు పక్కకి పూర్తిగా దించి ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. రాత్రయితే జనంలో ఒకణ్ణి ఫోన్ టార్చ్ ఇచ్చి వెనక్కి ఓ వంద అడుగులు పంపండి, వచ్చే లారీలకి కనపడేలా రోడ్డు అంచునే నిలబడమనండి. మొదటిసారి నేను ఇది చేయలేదు, ఒక డీసీఎం వ్యాను మమ్మల్ని రాసుకుంటూ పోయింది, ఇంకొంచెం అయితే లెక్క పెరిగేది. పడిపోయిన బైకు తాళం తిప్పి ఇంజన్ ఆపండి, పెట్రోలు కారుతుంటే దగ్గర్లో ఎవరినీ సిగరెట్ కాల్చనివ్వొద్దు.

తర్వాత 108. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది కాబట్టి నంబరు అందరికీ తెలుసు, కానీ అందరూ ‘ఎవరో ఒకరు చేసే ఉంటారు’ అనుకుంటారు. చేశారా అని గట్టిగా అడగండి, ఎవరూ ఔననకపోతే మీరే చెయ్యండి. "చౌటుప్పల్ దగ్గర" అంటే వాళ్ళకి దొరకదు. కిలోమీటరు రాయి మీద నంబరు, మీరు ఏ ఊరి వైపు వెళ్ళే దారిలో ఉన్నారో, పక్కన ఉన్న పెట్రోల్ బంకో దాబానో చెప్పండి. ఎంతమందికి దెబ్బలు తగిలాయి, స్పృహ ఉందా లేదా అనేది కూడా. మళ్ళీ వాళ్ళే మీకు ఫోన్ చేస్తారు, ఎత్తండి. నేషనల్ హైవే అయితే 1033 కూడా ఉంది, పోలీసులూ కావాలంటే 112.

మనవాళ్ళు చేసే ప్రమాదకరమైన సాయాలు

అసలు ఇబ్బంది ఇక్కడే. జనం మంచివాళ్ళే, ఏదో ఒకటి చెయ్యాలని చేతులు ఆగవు. ఒకాయన సోడా కొట్టి తెస్తాడు, ఇంకొకావిడ నీళ్ళు నోట్లో పోస్తుంది. వద్దండి. స్పృహ సరిగా లేనివాళ్ళకి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పైగా ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. పెదాలు తడి చేస్తాం అన్నా ఒప్పుకోవద్దు. గాయం మీద పసుపు, కాఫీ పొడి, ఏదీ వద్దు.

ఇంకో అలవాటు, నలుగురూ తలో కాలూ చెయ్యీ పట్టుకుని లేపి ఆటోలో మడిచి కూర్చోబెట్టడం. మెడ ఎముకకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే అలా లేపినప్పుడే జీవితాంతం మంచాన పడే ప్రమాదం ఉంది. మంటలు ఉంటేనో, మీదికి బళ్ళు వచ్చేలా ఉంటేనో తప్ప కదపొద్దు. హెల్మెట్ కూడా లాగెయ్యొద్దు, ఊపిరి ఆడటం లేదు అనిపిస్తే మాత్రం ఒకరు తలా మెడా కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు మెల్లగా తీయాలి.

మీరు చేయాల్సింది చాలా తక్కువ. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ, కండువా, చున్నీ ఏదున్నా మడత పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, మధ్యలో తీసి చూడొద్దు, తడిసిపోతే దాని మీదే ఇంకోటి. లోపల ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు. చేతికి రక్తం అంటకుండా ఒక పాలిథిన్ కవరు తొడుక్కోండి, రోడ్డు మీద దానికేం కరువు లేదు. స్పృహ ఉంటే పేరు అడుగుతూ మాట్లాడుతూ ఉండండి. స్పృహ లేకుండా వాంతి చేసుకుంటుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా ఒక పక్కకి తిప్పండి. ఊపిరి పూర్తిగా ఆగిపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. 108లో ఉన్నవాళ్ళు ఫోన్‌లోనే చెప్తుంటారు, స్పీకర్ ఆన్ చేసి పెట్టుకోండి.

వీడియో తీసేవాళ్ళని తిట్టి లాభం లేదు. "అన్నా, ఆ ఫోన్ లైటు ఇటు పట్టు" అనండి, పట్టేస్తారు. పని చెప్పేవాడు లేక నిలబడ్డవాళ్ళే చాలామంది.

గుద్దిన బండి డ్రైవర్ అక్కడే ఉంటే జనం వాడి మీద పడతారు, ఇది మన దగ్గర మరీ ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవాళ్ళని ఆస్పత్రికి చేర్చాల్సింది ముందు ఆ డ్రైవరే, కానీ జనం ఆవేశం వల్ల అది సాధ్యం కాకపోతే మినహాయింపు ఉంటుందని అదే సెక్షన్‌లో రాసి ఉంది. అంటే మనం కొడతామని చట్టం ముందే ఊహించింది. కొడతారన్న భయంతో పారిపోయే ప్రతి డ్రైవరుతో పాటు ఒక బండి కూడా పోతుంది, ఆ బండిలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఉండొచ్చు. నంబరు రాసుకోండి, ఫొటో తీయండి, చెయ్యి మాత్రం లేవనివ్వకండి.

ఆస్పత్రి కౌంటర్ దగ్గర

అంబులెన్స్ రావడానికి చాలాసేపు పట్టేలా ఉండి, మీ బండిలోనే తీసుకెళ్ళాల్సి వస్తే వెనక సీటులో వీలైనంత వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కదలకుండా ఒకరు పట్టుకుని కూర్చోండి. దారిలోనే 108 వాళ్ళని అడగండి, ఏ ఆస్పత్రికైతే మేలని. చిన్న నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళి అక్కణ్ణుంచి ఇంకోచోటికి పంపించుకోవడంలో ఆ గంట కరిగిపోతుంది.

కౌంటర్‌లో మొదటి ప్రశ్న "పేషెంట్‌కి మీరేమవుతారు?" నేను మొదటిసారి నోరు జారి "మా ఫ్రెండే" అన్నాను, ఆ ఒక్క మాటకి అడ్వాన్స్ కట్టమని అరగంట నిలబెట్టారు. అబద్ధం వద్దు. "ఏమీ కాను, రోడ్డు మీద చూసి తీసుకొచ్చాను" అనండి. బంధువు కానివాళ్ళని రిజిస్ట్రేషన్‌కి గానీ అడ్మిషన్‌కి గానీ డబ్బు అడగకూడదు, ఆపి ఉంచకూడదు. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 మార్చి 30న కేంద్రం మార్గదర్శకాలని దేశమంతా పాటించి తీరాలని చెప్పింది, అందులోని మాటే ఇది. ఆ మనిషిని మీరే తెచ్చారని, ఎక్కడ ఎప్పుడు జరిగిందో రాసి ఇమ్మంటే ఆస్పత్రి రసీదులాంటి కాగితం కూడా ఇవ్వాలి. తీసుకోండి, పనికొస్తుంది.

"ఇది ఎమ్మెల్సీ కేసు (మెడికో లీగల్, అంటే పోలీసులకి చెప్పాల్సిన కేసు), పోలీసులు రానిదే ముట్టుకోం" అంటే అది 1989లోనే చెల్లని మాట అయిపోయింది. ప్రమాదంలో గాయపడ్డ ఒక స్కూటరిస్టుని దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇలాంటి కేసులు మేం చూడం, 20 కిలోమీటర్ల అవతల ఇంకో ఆస్పత్రి ఉంది పొమ్మన్నారు, దారిలో ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకి వెళ్తే, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత అని తీర్పు వచ్చింది. కౌంటర్‌లో పిల్లతో వాదించడం వల్ల లాభం లేదు, ఆమె చేతిలో ఏమీ ఉండదు. డ్యూటీ డాక్టరుని పిలవమనండి, "చూడనని రాసి సంతకం పెట్టండి" అని నెమ్మదిగా అడగండి. నేను రెండోసారి ఇదే అడిగాను. స్ట్రెచర్ వచ్చింది.

డబ్బు సంగతి పేషెంట్ తరఫు వాళ్ళకి చెప్పాల్సింది ఒకటుంది. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద, రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్ళకి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టక్కర్లేకుండా పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో వైద్యం చేయాలి. కంగారులో ఉన్న ఇంటివాళ్ళకి ఇది గుర్తుండదు, మీరు ఒక మాట చెవిన వెయ్యండి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా పరిహారం ఉంది, చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు.

ఇంటివాళ్ళకి ఫోన్ ఎలా చేయాలి అంటే, లాక్ ఉన్న ఫోన్‌లో కూడా ఎమర్జెన్సీ అనే చోట నొక్కితే కొంతమందివి నంబర్లు కనపడతాయి. లేకపోతే ఆ ఫోన్‌ని చార్జింగ్ పెట్టి పక్కనే ఉంచండి, ఎవరో ఒకరు చేస్తారు, ముఖ్యంగా భార్యో అమ్మో. "యాక్సిడెంట్ అయింది, ఫలానా ఆస్పత్రిలో ఉన్నారు, డాక్టర్లు చూస్తున్నారు" అని ఆపెయ్యండి. ప్రాణానికి సంబంధించిన కబురు మీ నోటితో వద్దు, అది డాక్టరు చెప్పాలి. పర్సు, ఉంగరం, డబ్బు ఏమున్నా ఇద్దరు చూస్తుండగా లెక్కపెట్టి, కాగితం మీద రాసి నర్సుకో పోలీసుకో ఇచ్చి సంతకం తీసుకోండి.

పోలీసులొచ్చాక

మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షన్, ఈ నంబరు గుర్తుపెట్టుకోండి. మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవాళ్ళ మీద, సాయం చేయడంలో ఏదైనా పొరపాటు జరిగి మనిషికి హాని జరిగినా, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరూ అడ్రసూ చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. మీరంతట మీరు సాక్షిగా ఉంటానంటే, మీకు వీలైన చోట, మీ ఇంట్లోనో ఆఫీసులోనో, మామూలు బట్టల్లో వచ్చి ఒక్కసారే అడిగి వెళ్ళాలి. ఈ హక్కులన్నీ రాసిన బోర్డు ప్రతి ఆస్పత్రి గుమ్మం దగ్గరా తెలుగులో కూడా ఉండాలి, నేను ఎక్కడికెళ్ళినా వెతుకుతుంటాను, అగ్నిమాపక సిలిండర్ వెనక ఒకచోట దొరికింది.

ఇక్కడ నా అభిప్రాయం కొంచెం వేరు. పేరు చెప్పక్కర్లేదని చట్టం అంటోంది కదా అని, గుద్దిన బండిని కళ్ళారా చూసినవాళ్ళు కూడా జారుకుంటే ఆ ఇంటివాళ్ళ కేసు గాల్లో కలిసిపోతుంది. మీరు తర్వాత వచ్చి ఎత్తుకెళ్ళినవాళ్ళే అయితే హాయిగా ఇంటికి పొండి. చూసినవాళ్ళయితే మాత్రం అడ్రసు ఇచ్చి, వాంగ్మూలం ఒక్కసారే ఇస్తానని చెప్పి ఇచ్చెయ్యండి. చట్టం మిమ్మల్ని ఇంత కాపాడుతున్నప్పుడు ఒక సంతకం పెద్ద బరువేం కాదు.

తీవ్రంగా గాయపడ్డవాళ్ళని మొదటి గంటలోనే చేర్చినవాళ్ళకి కేంద్రం 25,000 రూపాయలు ఇస్తోంది, రాహ్‌వీర్ అని పేరు, ముందు 5,000 ఉండేది. తీసుకోవడానికి సిగ్గుపడకండి, ఆటోవాళ్ళకైతే ఆ పూట పోయిన కిరాయికి పదింతలు పైనే. ఆస్పత్రి రాసిచ్చిన కాగితం పనికొస్తుందన్నది దీనికి కూడా.

ఇక ఆ నాలుగో భయం. రక్తం ఎండకముందే చల్లనీళ్ళలో ముంచిన గుడ్డతో అద్దండి, రుద్దొద్దు, వేణ్ణీళ్ళు అసలే వద్దు, మరక పట్టేస్తుంది. ఆ పని చేసేటప్పుడు కూడా చేతికి కవరు ఉండాలి. కొంచెం ఉప్పు కలిపితే ఇంకా బాగా పోతుంది. నా కారు సీటు మీద చిన్న మచ్చ మిగిలింది, టవల్ పరిచాను.