చెమట పట్టినా జారని యోగా మ్యాట్ ఎంచుకోవడం ఎలా?

హాట్ యోగా అంటే గదిని బాగా వేడెక్కించి చేయించే క్లాస్. అందులో ఒక రకమైన బిక్రమ్ పద్ధతిలో అయితే దాదాపు 40 డిగ్రీల వేడి, 40 శాతం తేమ, గంటన్నర సేపు 26 ఆసనాలు. మే నెలలో శ్రీకాకుళంలో కరెంటు పోయిన హాల్లో సూర్యనమస్కారాలు చేసినవాళ్లకు ఇదేమంత వింతగా అనిపించదు. హీటర్ ఉన్నా, మన ఉక్కపోతే అయినా మ్యాట్‌లో చూడాల్సింది ఒకటే: తడిసినప్పుడు చెయ్యి నిలుస్తుందా, జారుతుందా?

ముందు, దేనితో చేశారో అడగండి. షాపుల్లో ఎక్కువగా కనిపించేది పీవీసీ, అంటే ఒక రకం ప్లాస్టిక్. చవక, తుడిస్తే శుభ్రమైపోతుంది. కానీ చెమటను పీల్చుకోదు కాబట్టి అరచేతుల కింద నీళ్లు నిలుస్తాయి. సహజ రబ్బరు మీద పీయూ (పాలీయూరెథేన్ అనే ప్లాస్టిక్) పొర ఉన్న మ్యాట్ కొంత తడిని పీల్చుకుని పట్టు ఇస్తుంది. ధర ఎక్కువ, బరువు కూడా. రోజూ బండి మీద తీసుకెళ్లేవాళ్లు ఒకసారి భుజాన వేసుకుని చూడాలి. కార్క్ (సీసా బిరడాలకు వాడే చెట్టు బెరడు) తీరు వేరు: పొడిగా ఉన్నప్పుడు కాస్త జారినట్టుంటుంది, తడి తగిలాక పట్టు పెరుగుతుంది. చెమట బాగా పట్టేవాళ్లకు నేను కార్కే చెబుతాను. లేటెక్స్ (సహజ రబ్బరు పాలు) ఎలర్జీ ఉంటే రబ్బరు జోలికి పోవద్దు. కార్క్ మ్యాట్‌కూ చాలాసార్లు అడుగున రబ్బరే ఉంటుంది, అడిగి తీసుకోండి.

తర్వాత మందం. 4 నుంచి 5 మిల్లీమీటర్లు చాలు. మెత్తగా ఉంది కదా అని 10 మిల్లీమీటర్లది తీసుకుంటే వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడగానే పాదం ఊగుతుంది. మోకాళ్లు నొప్పనిపిస్తే వాటి కింద చిన్న తువ్వాలు మడిచి పెట్టుకుంటే సరిపోతుంది. మామూలు మ్యాట్ పొడవు సుమారు 173 సెంటీమీటర్లు. మీరు అంతకంటే ఎత్తయితే 183 ఉన్నది అడగండి.

ఇక అసలు పరీక్ష. విజయనగరంలో గంటస్తంభం దగ్గర కొన్నా, ఇంకెక్కడ కొన్నా, "బాబూ, కొంచెం తడిచేత్తో చూడొచ్చా?" అని అడగండి. మ్యాట్‌ని టైల్స్ మీద పరిచి, అరచెయ్యి తడిపి ఆనించి, అధోముఖ శ్వానాసనంలోలాగా (చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తే ఆసనం) బరువు వేసి ముందుకు నెట్టండి. చెయ్యి జారిందా, పక్కన పెట్టేయండి. చెయ్యి నిలిచి మ్యాటే కదిలితే అడుగు భాగం బాగోలేదన్నమాట. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్ష ఇంట్లో చేయాలి, కాబట్టి వాపసు నిబంధనలు ముందే చదవండి.

ఇంట్లో ఉన్న జంపఖానా చాలదా అంటారు పెద్దవాళ్లు. ప్రాణాయామానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నిలబడి చేసే ఆసనాల్లో మాత్రం నున్నటి గచ్చు మీద అదే జారిపోతుంది.

ఉన్న పీవీసీ మ్యాట్ పారేయక్కర్లేదు. పైన మ్యాట్ సైజు మైక్రోఫైబర్ టవల్ పరచండి. చేతులు, పాదాలు ఆనేచోట మొదలుపెట్టే ముందే నాలుగు నీటి చుక్కలు చల్లండి, పొడి టవల్ మీద చెయ్యి జారుతుంది. డబ్బులు పెద్దగా పెట్టలేనివాళ్లకు ఇదే మంచి దారి.

క్లాస్ అయ్యాక తడి మ్యాట్‌ని చుట్టి మూలన పడేస్తే, మన గాలిలోని తేమకు ముక్కవాసన పట్టేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కిందో నీడలో దండెం మీదో ఆరేయండి. ఎండలో వేస్తే రబ్బరు పగుళ్లిస్తుంది. వేలితో రుద్దితే పొడి రాలుతోందంటే ఇక మార్చేయాల్సిందే.