పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మా అక్క ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. షాపులో చూపిస్తే పాతబడింది, కొత్తది తీసుకోండి అన్నారు. ఆ ఒక్క మాటకే మంచి మెషీన్లు అటక ఎక్కేస్తుంటే నాకు చాలా బాధేస్తుంది.

ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని మూడు శాతాలు కనిపిస్తాయి. ఐదు నిమిషాలు ఓపిగ్గా చూస్తే రోగం ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

సమస్య: ఏమీ తెరవకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది

కారణం: చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అసలు జబ్బు ఇదే. హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతుంటుంది, సాధారణంగా నిమిషానికి 5400 సార్లు. దాని మీద చిన్న ముల్లు అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. విండోస్ ఒకేసారి వందల చిన్న ఫైళ్లు అడిగేసరికి ఆ ముల్లుకి పరుగే సరిపోతుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఎదురుచూస్తుంటుంది.

పరిష్కారం: హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (చిప్‌లలో ఫైళ్లు దాచే డ్రైవ్) పెట్టించండి. అందులో తిరిగే భాగాలే ఉండవు. అక్క దానికి నేనే మార్చాను. అడుగున స్క్రూలు విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, పాత డిస్క్‌ని పక్కకి జరిపి లాగితే వచ్చేసింది. కొత్తది అదే చోట కూర్చుంది. విండోస్ తాజాగా ఎక్కించాక టీ పెట్టుకునే టైమ్ దొరకలేదు! పాత డిస్క్‌ని పారేయకండి. యూఎస్‌బీ కేసులో పెడితే ఫొటోలు దాచుకోవడానికి పనికొస్తుంది.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మిగతా పనులన్నీ ఆపి ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. అది చావుకి దగ్గరగా ఉందని అర్థం.

సమస్య: బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే చాలు, మెమరీ 90 శాతం దాటుతోంది

కారణం: 4 జీబీ ర్యామ్ ఇప్పుడు చాలదు. నిండిపోగానే విండోస్ డిస్క్‌ని అరువు తెచ్చుకుంటుంది, దాంతో అన్నీ నెమ్మదిస్తాయి.

పరిష్కారం: 8 జీబీకి పెంచండి. కొనే ముందు మీది డీడీఆర్3ఎల్ రకమా, డీడీఆర్4 రకమా చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి ఈ దారి లేదు. అప్పటిదాకా టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిసేబుల్ చేస్తే కొంత ఊపిరి తీసుకుంటుంది.

సమస్య: మొదట బాగానే ఉండి, పది నిమిషాలకి ఫ్యాన్ హోరు మొదలై స్లో అవుతోంది

కారణం: వేడి. కాలిపోకుండా ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పరిష్కారం: పరుపు మీద పెట్టి వాడకండి, గాలి దారి మూసుకుపోతుంది. ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పించండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. చార్జింగ్ ఆపేయండి, నొక్కకండి, మెకానిక్ చేత తీయించండి.

సమస్య: అన్నీ మార్చాం, కానీ విండోస్ 11 ఎక్కట్లేదు

కారణం: దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

పరిష్కారం: బ్రౌజింగ్, ఉత్తరాలు, వీడియోల వరకే వాడేవాళ్లయితే విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రయత్నించండి. ఉచితం, తేలిక, తెలుగు టైపింగ్ కూడా పెట్టుకోవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయని తేలాకే ఇన్‌స్టాల్ చేయండి.