కంప్యూటర్ ఆన్ కాకపోతే లోపాన్ని వరుసగా వెతికి పట్టుకోవడం ఎలా?

"కంప్యూటర్ ఆన్ కావడం లేదు" అనే ఒక్క ఫిర్యాదు వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని లోపాలు ఎన్నో ఉంటాయి. బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోవడం వేరు, ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోవడం వేరు, కొన్ని సెకన్లు తిరిగి ఆగిపోవడం వేరు, తయారీ సంస్థ గుర్తు కనిపించి విండోస్‌లోకి వెళ్లకుండా అక్కడే నిలిచిపోవడం వేరు. మీ సమస్య వీటిలో ఏదో తేల్చుకున్న తర్వాతే స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఇళ్లలోనూ చిన్న కార్యాలయాల్లోనూ ఎక్కువగా కనిపించే, విండోస్‌తో నడిచే డెస్క్‌టాప్ గురించి.

విద్యుత్తు గోడ సాకెట్ నుంచి ఎస్ఎంపీఎస్‌కు (కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టులకు మార్చే డబ్బా), అక్కడి నుంచి మదర్‌బోర్డుకు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) చేరుతుంది. బోర్డు ముందుగా ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను, గ్రాఫిక్స్‌ను పరీక్షించుకుని, అవన్నీ సరిగా ఉన్నాయని నిర్ధారించుకున్న తర్వాతే డిస్కులోని విండోస్‌ను పిలుస్తుంది. ఈ వరుస ఎంత దూరం నడిచి ఆగిందో గమనిస్తే లోపం ఎక్కడుందో సగానికి పైగా తెలిసిపోతుంది కనుక, వెతకడం కూడా ఇదే వరుసలో సాగాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఆన్ చేసి చూసి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోవాలి. ర్యామ్‌నూ కేబుల్‌నూ బ్యాటరీనీ ఒకేసారి మార్చేస్తే, కంప్యూటర్ లేచినా దేనివల్ల లేచిందో తెలియదు, వారం తర్వాత అదే సమస్య మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసి వస్తుంది.

క్యాబినెట్ మూత తీసే ముందు ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. దానివల్ల బోర్డులో మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. తర్వాత క్యాబినెట్ లోహపు భాగాన్ని చేతితో తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు కూడా పోతుంది. ఒక్క విషయంలో మాత్రం ఎంత అనుభవం ఉన్నా సాహసం చేయకూడదు. ఎస్ఎంపీఎస్ డబ్బాను ఇంట్లో విప్పకూడదు. అందులోని కెపాసిటర్లు ప్లగ్ పీకిన తర్వాత కూడా 300 వోల్టులకు పైగా విద్యుత్తును నిలుపుకోగలవు, అది ప్రాణాంతకం.

బటన్ నొక్కినా ఏమీ జరగకపోతే

మన ఇళ్లలో ఇలాంటప్పుడు మొదట అనుమానించవలసింది కంప్యూటర్‌ను కాదు, యూపీఎస్‌ను. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్లకే బలహీనపడుతుంది. కొన్ని యూపీఎస్‌లు బ్యాటరీ చచ్చిపోతే కరెంటు ఉన్నా సరే బయటికి సరఫరా ఇవ్వవు. అందుకని యూపీఎస్‌నూ ఎక్స్‌టెన్షన్ బోర్డునూ పక్కన పెట్టి, కంప్యూటర్ ప్లగ్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడాలి. అదే సాకెట్‌లో ముందుగా టేబుల్ ఫ్యానో, ఫోన్ చార్జరో పెట్టి కరెంటు వస్తోందని నిర్ధారించుకోవడం మంచిది. తర్వాత పవర్ కేబుల్ సంగతి చూడాలి. చాలా మానిటర్లకూ సీపీయూకూ ఒకే రకం కేబుల్ సరిపోతుంది కాబట్టి, వెలుగుతున్న మానిటర్ కేబుల్‌ను తీసి సీపీయూకు పెడితే కేబుల్ మంచిదో కాదో వెంటనే తేలిపోతుంది. ఎస్ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడాలి, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిన సందర్భాలు తక్కువేమీ కాదు. పాత ఎస్ఎంపీఎస్‌లకు 115, 230 అని రాసి ఉండే ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 వైపే ఉండాలి, 115 వైపు పెట్టి ఆన్ చేస్తే ఎస్ఎంపీఎస్ కాలిపోతుంది.

ఇక్కడి వరకు అంతా బాగుంటే మూత తీసి మదర్‌బోర్డు మీద చిన్న దీపం వెలుగుతోందేమో చూడాలి. అన్ని బోర్డులకూ అది ఉండదు కానీ, ఉండి వెలుగుతుంటే ఎస్ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై సరఫరా వస్తోందని అర్థం. అప్పుడు లోపం క్యాబినెట్ ముందున్న పవర్ బటన్‌లోనే ఉండవచ్చు. ఆ బటన్ నుంచి వచ్చే సన్నని జంట తీగ, బోర్డు కింది అంచున, "పవర్ ఎస్‌డబ్ల్యూ" అని రాసి ఉన్న చిన్న కనెక్టర్‌తో రెండు పిన్నులకు తగిలించి ఉంటుంది. దాని పక్కనే రీసెట్ బటన్ కనెక్టర్ ఉంటుంది. పవర్ కనెక్టర్‌ను తీసి, దాని స్థానంలో రీసెట్ కనెక్టర్‌ను పెట్టి, రీసెట్ బటన్ నొక్కండి. కంప్యూటర్ లేస్తే పాడైంది బటన్ మాత్రమే. కొత్త బటన్ దొరికేవరకు రీసెట్ బటన్‌తోనే నిశ్చింతగా పని నడుపుకోవచ్చు.

బటన్ బాగానే ఉందనుకుంటే, ఎస్ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. ప్లగ్ తీసి, బోర్డుకు వెళ్లే కనెక్టర్లన్నీ ఊడదీసి, 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఒకే ఒక్కటిగా ఉండే ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ, ఏదైనా నల్ల తీగ రంధ్రాన్నీ ఒక పేపర్ క్లిప్‌తో కలపాలి. ఆ తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలి. ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్ మేలుకుందన్నమాట. తిరిగినంత మాత్రాన ఆరోగ్యంగా ఉందని చెప్పలేం కనుక, మల్టీమీటర్ ఉంటే పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు తీగ మీద 4.75 నుంచి 5.25 వోల్టులు ఉన్నాయో లేదో చూడాలి. కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లలో లోడ్ లేకపోతే, అంటే కరెంటు వాడుకునే భాగాలేవీ తగిలించి లేకపోతే, ఫ్యాన్ తిరగదు, వాటి విషయంలో మీటర్ మాటే నమ్మాలి. తీగలన్నీ నల్లగానే ఉన్న రకమైతే ఈ పరీక్షను ఊహ మీద చేయవద్దు, దుకాణంలో చేయించడమే క్షేమం.

క్యాబినెట్‌ను ముట్టుకున్నప్పుడు వేళ్లు చిమచిమలాడుతుంటే ఇంటి ఎర్తింగ్ సరిగా లేదని అనుమానించాలి. కంప్యూటర్ బాగుపడినా ఎర్తింగ్‌ను అలాగే వదిలేస్తే మళ్లీ ఏదో ఒక భాగం పోయే ప్రమాదం ఉంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో చూపించుకోవడం ఏ విడిభాగం కొనడం కన్నా ముఖ్యం.

ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే

ముందు మానిటర్‌ను చూడాలి. "నో సిగ్నల్" అని చూపిస్తోందంటే మానిటర్ బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదంతే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టాలి. సీపీయూను జరిపి తుడిచిన తర్వాత చాలామంది దాన్ని మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి, డిస్‌ప్లే పోయిందని కంగారు పడతారు.

కేబుల్ సరిగానే ఉంటే తర్వాత చూడవలసింది ర్యామ్. డిస్‌ప్లే రాని కంప్యూటర్లలో చాలా వాటికి కారణం అదే, ఖర్చు లేకుండా బాగయ్యేది కూడా అదే. ప్లగ్ పీకి, స్లాట్ చివరి క్లిప్పులను బయటికి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. దాని కింది అంచున బంగారు రంగులో మెరిసే పట్టీల మీద తేమ, దుమ్ము కలిసి సన్నని మసక పొర పడుతుంది. కోస్తా జిల్లాల గాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పిల్లలు పెన్సిల్ రాతను చెరపడానికి వాడే తెల్ల రబ్బరుతో ఆ పట్టీలను రెండు వైపులా మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును మెత్తటి పొడి బ్రష్‌తో పూర్తిగా దులపాలి. స్లాట్‌లోనూ దుమ్ము లేకుండా బ్రష్‌తో ఊడ్చాలి. తర్వాత ర్యామ్ మధ్యలో ఉన్న గాడి స్లాట్‌లోని గట్టుతో సరిపోయేలా నిలబెట్టి, రెండు చివర్లనూ బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి. క్లిప్పు "టక్" మని పట్టుకోవాలి, ఆ చప్పుడు వినిపించకపోతే ర్యామ్ పూర్తిగా కూర్చోలేదని అర్థం. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కదాన్నే పెట్టి చూడాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులలో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టాలి.

అప్పటికీ బొమ్మ రాకపోతే ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నులతో విడిగా ఉండే 12 వోల్టుల కనెక్టర్ గట్టిగా ఉందో లేదో నొక్కి చూడాలి. అది వదులైతే ఫ్యాన్లన్నీ హాయిగా తిరుగుతాయి కానీ ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. ఆ తర్వాత బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్2032 బ్యాటరీని తీసి, ప్లగ్ లేకుండానే ఐదు నిమిషాలు ఉంచి, తిరిగి పెట్టాలి. దానితో బయోస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటి స్థితికి వస్తాయి. ఈ బ్యాటరీ కొత్తదైతే 3 వోల్టులు చూపిస్తుంది. ఆన్ చేసినప్పుడల్లా తేదీ, సమయం తప్పుగా కనిపిస్తున్నాయంటే దాన్ని మార్చే కాలం వచ్చినట్టే. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త కంప్యూటర్లలో సెట్టింగులు చెరిపాక మొదటిసారి డిస్‌ప్లే రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు ర్యామ్‌ను కొలుచుకుంటున్న సమయం అది. తొందరపడి ఆ మధ్యలో ఆఫ్ చేయకూడదు.

కొత్త బోర్డులలో చాలా వాటికి ఒక మూల సీపీయూ (ఇక్కడ ప్రాసెసర్ అని అర్థం), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని రాసిన నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా ఉండిపోతే లోపం ఆ భాగానికి సంబంధించినది. పాత బోర్డులు ఇదే సంగతిని బీప్ శబ్దాలతో చెబుతాయి. ఆ లెక్క బయోస్ తయారీదారును బట్టి మారుతుంది కనుక మీ బోర్డు మాన్యువల్‌లోనే చూడాలి.

కొన్ని సెకన్లకే ఆగిపోతుంటే

ఇది ఎక్కువగా వేడి వల్లగానీ, షార్ట్ సర్క్యూట్ వల్లగానీ జరుగుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ తిరుగుతోందా, ఆ ఫ్యాన్ కింద వేడిని పీల్చుకునే లోహపు దిమ్మెను, అంటే హీట్‌సింక్‌ను, బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఏదైనా ఊడిందా చూడండి. ఒక్క కాలు ఊడినా హీట్‌సింక్ ప్రాసెసర్‌కు ఆనదు. ఆ రెండిటి మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పొడిలా రాలుతుంటే తుడిచి కొత్తది రాయాలి. యూఎస్‌బీ పోర్టులలో వంగిన పిన్నులు, బోర్డు కింద పడిపోయిన స్క్రూలు, ఎస్ఎంపీఎస్ సందుల్లో దూరి చచ్చిన బల్లులు కూడా షార్ట్‌కు కారణాలవుతాయి. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, మరమ్మతుకు ఇవ్వాలి.

విండోస్ లేవకపోతే

తెర మీద ఏదైనా అక్షరం కనిపించిందంటే విద్యుత్తు, ర్యామ్, గ్రాఫిక్స్ దాదాపుగా పాసైనట్టే. "నో బూటబుల్ డివైస్" అని వస్తే ముందుగా పెన్ డ్రైవ్‌లన్నీ తీసేయాలి. తర్వాత ఆన్ చేస్తూనే డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కి బయోస్‌లోకి వెళ్లి, డిస్కు పేరు కనిపిస్తోందో లేదో చూడాలి. కనిపించకపోతే డిస్కు కేబుళ్లను రెండు చివరలా తీసి పెట్టాలి. కనిపిస్తున్నా బూట్ కాకపోతే, బయోస్ బ్యాటరీ అయిపోవడం వల్ల పాత సెట్టింగులు చెరిగిపోయాయేమో ఆలోచించాలి. బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ బదులు లెగసీ అనో, డిస్కు పద్ధతి ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ అనో మారిపోతే, విండోస్ చెక్కుచెదరకుండా ఉన్నా లేవదు.

హార్డ్ డిస్కు నుంచి టక్ టక్ మని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయవద్దు. తిరిగిన ప్రతిసారీ అందులోని సమాచారం మరికొంత పోయే ప్రమాదం ఉంది.

విండోస్ మొదలై మధ్యలో ఆగిపోతుంటే, గుండ్రంగా చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాలి. వరుసగా రెండు మూడు సార్లు ఇలా చేస్తే తర్వాతిసారి మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుసలో వెళ్లి, ముందు స్టార్టప్ రిపేర్‌ను, అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌ను ప్రయత్నించాలి. ఇక్కడే కొందరికి బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం) 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. వ్యక్తిగత కంప్యూటరైతే అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ కీ విలువేమిటో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు. పరిష్కారం సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్‌ను లేపే పద్ధతి) వెళ్లి ఒక ఫైలును తీసేయడమే అయినా, కీ చేతిలో లేనివారు ఆ పని కూడా చేయలేకపోయారు. మీ కంప్యూటర్ ఇప్పుడు బాగానే నడుస్తుంటే, ఈరోజే ఆ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ ప్రయత్నాలేవీ ఫలించకపోతే చాలామంది వెంటనే ఫార్మాట్ చేయిస్తారు. దయచేసి దానికి ముందు డేటాను బయటికి తీయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి, "సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ ఫైళ్లకేమీ కాదు" అన్న మాట నిజం కాదు. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు పెన్ డ్రైవ్ తయారు చేసుకుని, దానితో ఈ కంప్యూటర్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై పద్ధతిలో లేపితే ఫోటోలూ పత్రాలూ కాపీ చేసుకోవచ్చు, బిట్‌లాకర్ ఉన్న డిస్కుకు మాత్రం ఇక్కడ కూడా ఆ కీ కావాలి. లేదా డిస్కును తీసి, డిస్కుకు ఉండే సాటా కనెక్టర్‌ను యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించవచ్చు. డీటీపీ పని చేసేవారు ఫైళ్లతోపాటు తాము వాడే అను వంటి పాత తెలుగు ఫాంట్లను కూడా కాపీ చేసుకోవాలి. అవి లేకుండా ఆ ఫైళ్లు తెరిస్తే అర్థంకాని గుర్తులు తప్ప తెలుగు కనిపించదు.

చివరకు దుకాణానికే తీసుకెళ్లవలసి వస్తే, రాసుకున్న కాగితాన్ని వెంట తీసుకెళ్లి, కంప్యూటర్ ఏ దశలో ఆగుతోందో, మీరు ఏమేం మార్చి చూశారో మెకానిక్‌కు చదివి వినిపించండి. డిస్కులో ముఖ్యమైన సమాచారం ఉండి, లోపం డిస్కుది కాదని మీకు తెలిస్తే, డిస్కును తీసి ఇంట్లోనే ఉంచి మిగతా సీపీయూను ఇవ్వండి. "మదర్‌బోర్డు పోయింది" అని చెబితే, వేరే మంచి ఎస్ఎంపీఎస్‌తోనూ వేరే ర్యామ్‌తోనూ మీ ముందే ఒకసారి ఆన్ చేసి చూపించమని అడగండి. ఏ భాగం మార్చినా పాతదాన్ని తిరిగి ఇమ్మని, కొత్తదాని బిల్లు మీద సీరియల్ నంబరు రాయించమని పని మొదలుపెట్టకముందే చెప్పండి.